ఊడదీసుకునే పెట్టె

"తీస్తానన్నాను కదా, తీయనన్నానా?" అన్నాడు మోటార్ల మేస్త్రీ, గ్లాసు అడుగున మిగిలిన టీ వంక చూస్తూ.

"అన్నారు. లేచినప్పట్నుంచీ అంటూనే ఉన్నారు," అంది మొక్కలమ్మ. "మొహం కడుక్కుని తీస్తానన్నారు. టీ తాగి తీస్తానన్నారు. ఇప్పుడు రెండో టీ కూడా అయిపోయింది. పెట్టె మాత్రం బండిలోనే ఉంది."

"పొద్దున్నే ఇనుము బిగుసుకుని ఉంటుంది. కాస్త ఎండ తగలనీ."

"ఇనుముకి చలేస్తుందని మీరు చెప్తుంటే నించుని వింటున్నాను చూడండి, నన్ననాలి."

ఈ తగువు ఆ పొద్దున పుట్టింది కాదు. పెట్టె ఇంటికి వచ్చిన రోజునే పుట్టి, భోజనాలకీ నిద్రకీ మాత్రం విరామమిస్తూ పెరిగి, నిన్న సాయంత్రం ఒక రాజీకి వచ్చి, ఇవాళ ఇంటివాళ్లతోపాటే నిద్ర లేచింది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే పికప్ బండి. దాని మీద బతికే పనులు రెండు. మేస్త్రీ నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. ఆయన భార్య ఇంటి వెనక ఖాళీ స్థలంలో మొక్కలు పెంచి ఆఫీసులకీ దుకాణాలకీ ఇస్తుంది. మొక్కలమ్మ అన్న పేరు వీధివాళ్లు పెట్టిందే అయినా, అత్తవారింట్లో కూడా అదే స్థిరపడి, అసలు పేరు పోస్టులో వచ్చే కాగితాలకి తప్ప పనికిరాకుండా పోయింది. మధ్యాహ్న భోజనం దాకా బండి ఆమెది, ఆ తర్వాత ఆయనది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆయన వదిలేసిన స్పానర్లు ఆమె కుండీల కింద దొరికేవి. ఆమె వదిలేసిన ఎరువు ఆయన మోటార్లలో దొరికేది. అందుకని మేస్త్రీ పనిముట్ల కోసం మనిషి పడుకునేంత ఇనప పెట్టె ఒకటి చేయించుకొచ్చి, బండి వెనక తొట్టిలో శాశ్వతంగా బిగించేస్తానన్నాడు. సగం తొట్టి పెట్టెకిచ్చేస్తే మొక్కల్ని నెత్తిన పెట్టుకు వెళ్లనా అని ఆమె అడిగింది.

చివరికి పెట్టె ఊడదీసుకునేలా ఉండాలని కుదిరింది. తొట్టి అంచుల్ని పట్టుకునే క్లాంపులు, వాటికి వేళ్లతో తిప్పితే వచ్చేసే చెవుల నట్లు. ఆయన పనికి వెళ్లేటప్పుడు పెట్టె ఎక్కాలి, ఆమె పనికి వెళ్లేటప్పుడు దిగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బండికి ఒక్క చిల్లు పడకూడదు. ఈ ఆఖరి షరతు ఆమె మూడు రకాలుగా చెప్పి, మూడుసార్లూ ఆయన చేత సరే అనిపించుకుంది.

"ఊడొచ్చే పెట్టె ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోయే పెట్టే," అని మేస్త్రీ గొణిగాడు.

"ఊడొచ్చేది మనం తీస్తే వస్తుంది. ఊడిపోయేది మనకి చెప్పకుండా పోతుంది. రెండూ ఒకటెలా అవుతాయండీ?"

ఆయనకి నమ్మకం కుదరలేదు. నిజానికి ఆ ఇంట్లో వదులుగా ఉన్న వస్తువుని నమ్మే మనిషే లేడు. మామగారు ఒక మిల్లులో బాయిలర్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి తెల్లవారడం కుళాయిలు తిప్పి చూడడంతో, పొద్దుగూకడం తలుపు గొళ్లేలు గుంజి చూడడంతో. ఆ గాలి ఇంటిల్లిపాదికీ సోకింది. దారిలో మర కనిపిస్తే ఒక అరచుట్టు తిప్పి ముందుకి సాగడం అందరికీ అలవాటైపోయింది. కాపరానికి వచ్చిన కొత్తలో మొక్కలమ్మ పంచదార సీసా మూత తీయలేక వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఆమె బిగించిన సీసాలు మిగతావాళ్లకి రావు.

ఇవాళ ఆమెకి తొట్టి మొత్తం కావాలి. దంతాల డాక్టరమ్మ నాలుగంతస్తుల కొత్త క్లినిక్ మధ్యాహ్నం తెరుస్తోంది. ఆలోగా కింది అంతస్తులో మొక్కలు సర్దేయాలి. అవి నచ్చితే అన్ని అంతస్తులకీ మొక్కలు పెట్టి, వారం వారం మార్చే పని ఈమెకే ఇస్తానని డాక్టరమ్మ మాటిచ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో వాళ్లు ఆమె పనిని ముద్దుగా మొక్కల సరదా అంటూ వచ్చారు. ఎవరైనా చూడవస్తే మామగారు, "కోడలికి కాలక్షేపం ఉండాలి కదండీ" అని చెప్పేవారు. నాలుగంతస్తుల కాలక్షేపం ఎవరికీ ఉండదని మొక్కలమ్మకి తెలుసు. మామగారికి కూడా తెలిసే రోజు ఇదేనని ఆమె లోలోపల అనుకుంటోంది. అందుకే తెల్లారకముందే మొక్కలన్నీ గేటు బయట గోడ వారన వరసగా పెట్టేసింది. ఆ వరస చివర తెల్ల పింగాణీ కుండీల్లో మనిషెత్తు పామ్ మొక్కలు రెండు ఉన్నాయి.

మూడో టీ అడగడానికి మొహం చెల్లక మేస్త్రీ లేచాడు. బండి దగ్గరికి నడిచిన తీరు చూస్తే మోటారు బాగుచేయడానికి కాదు, చనిపోయిన మోటారుని చూడడానికి వెళ్తున్నట్టుంది. వంగి చెవుల నట్టు కోసం తడిమాడు. చెవులు లేవు. నాలుగు మూలలా చూశాడు. చెవుల నట్ల బదులు బొటనవేలంత లావు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి ఉన్నాయి. పైకొచ్చిన బోల్టు మొనల్ని ఎవరో సుత్తితో పువ్వుల్లా నలిపేశారు.

"నాన్నా," అన్నాడు మేస్త్రీ.

మామగారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. "చెవుల నట్టంటే ఎవడైనా చెవి పట్టుకుని తిప్పేస్తాడ్రా. అందుకే పొద్దున్నే లేచి మార్చాను. ఇహ భూకంపమొచ్చినా ఊడదు."

"ఊడడానికే కదా పెట్టింది."

"ఊడడానికి బిగించడమేమిటి? అలాంటి పని నేను వినలేదు."

"మామయ్యగారూ, మరిప్పుడు ఎలా తీయాలి?" అంది మొక్కలమ్మ, గొంతు పెంచకుండా.

"హాక్సాతో కోయాలమ్మా. మంచి బ్లేడుంటే ఎంతసేపు."

హాక్సా పెట్టెలో ఉంది. పెట్టె మూత గొళ్లెంలోంచి ఒక గొలుసు దూరి, పెట్టె చుట్టూ తిరిగి, తొట్టి కొక్కేనికి చుట్టుకుని, పెద్ద తాళంతో ముగిసింది. ఆ గొలుసు నిన్న సాయంత్రం లేదు.

"అమ్మా," అన్నాడు మేస్త్రీ ఈసారి.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనే వేశాన్రా. వీధిలో ఉండే బండి. ఎవడైనా ఎత్తుకుపోతే నువ్వు నన్నే అంటావు."

"మంచిపని చేశావు. తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఎక్కడ పెడితే పోదో అక్కడే పెట్టాను."

"ఎక్కడ?"

"పెట్టెలో."

మేస్త్రీ గొలుసుని ఒకసారి గుంజి చూశాడు. అత్తగారే మళ్లీ అందుకుంది. "ఏ అలమరలోనో పెడితే మర్చిపోతాను. అందుకని ముందు పెట్టెలో వేసి, తర్వాత మూత వేసి, తాళం నొక్కాను. అంతకంటే భద్రమైన చోటు ఈ ఇంట్లో ఉంటే చూపించు."

చూపించడానికి నిజంగానే లేదు. పెట్టె తీయాలంటే పనిముట్లు కావాలి. పనిముట్లు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరవాలంటే తాళంచెవి కావాలి. అదీ పెట్టెలోనే ఉంది. మొక్కలమ్మ గోడ వారనున్న తన మొక్కల వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని, పక్కనున్న సైకిల్ షాపుకి తనే వెళ్లింది.

సైకిల్ షాపాయన హాక్సా ఇచ్చాడు. కాని ఆయన ఏ పనిముట్టునీ ఒంటరిగా పంపడు. దానితోపాటు స్టూలు కూడా తెచ్చుకుని బండి పక్కన నీడలో వేసుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ గారూ, బ్లేడు వంచకండి. ముందుకి తోసేటప్పుడే నొక్కాలి," అన్నాడు.

"నాకు తెలుసండీ."

"తెలియదని కాదు. బ్లేడు నాది కదాని."

తండ్రీ కొడుకూ వంతులు వేసుకుని కోశారు. తాను బిగించిన నట్టుని తానే కోయాల్సిరావడం మామగారికి సొంత బిడ్డని పరాయివాళ్ల ముందు తిట్టినట్టుంది. ఒక్కో నట్టూ రాలినప్పుడల్లా, "చూశావా, ఎంత మొండికేసిందో" అని దాన్ని జేబులో వేసుకున్నారు. తర్వాత గొలుసు తెగింది. మూత తెరిస్తే హాక్సా మీద తాళంచెవి తళతళలాడుతూ ఉంది.

"నేను చెప్పలా, ఎక్కడికీ పోదని," అంది అత్తగారు.

ఇంట్లోవాళ్లు నలుగురూ తలో మూలా పట్టుకుని పెట్టెని ఎత్తారు. పెట్టె కదల్లేదు. బండి కదిలింది. కింద స్ప్రింగులు మూలిగి, టైర్లు కాస్త పైకి లేచినట్టయి, మళ్లీ కూర్చున్నాయి. మేస్త్రీ ఎందుకో అందరికంటే ముందు చేతులు వదిలేశాడు.

"లోపల సామాను బరువు కాబోలు," అన్నాడు ఎటో చూస్తూ. "ఇవాళ్టికిలా పోనిద్దామా?"

సైకిల్ షాపాయనకి నీడలో కూర్చుని కిందికి చూడడం అలవాటు. తల వంచి బండి అడుగున చూశాడు. "మేస్త్రీ గారూ, కిందినుంచి రెండు బోల్టులు కనిపిస్తున్నాయండి. కొత్తవి."

మొక్కలమ్మ కూడా వంగి చూసింది. తొట్టి అడుగున పక్కపక్కనే రెండు గుండ్రటి చిల్లులు. వాటి చుట్టూ లేచిన రంగు ఇంకా పచ్చిగా ఉంది. ఆమె మెల్లగా లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆ సర్దుకోవడం చూసి అత్తగారు గుమ్మంలోకి జరిగింది.

"నిన్న సాయంత్రం నేను మొక్కలకి నీళ్లు పెడుతుంటే డ్రిల్లు చప్పుడు వినిపించింది. ఏమిటండీ అంటే ఎదురింట్లో అన్నారు."

"ఎదురింట్లో కూడా..."

"మూడుసార్లు సరే అన్నారు. మూడుసార్లు అనిపించుకోవడం ఎందుకని నాకే సిగ్గేసింది, మనిషిని నమ్మనట్టుంటుందని. చిల్లు బండికి పడితే పడింది. పెట్టె కదలకుండా ఉంటుందని నాకు చెప్పి పెట్టి ఉంటే నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. ఈ ఇంట్లో అందరూ బిగిస్తారు, బిగించినట్టు ఒక్కరూ చెప్పరు. దాపరికం ఉన్నచోట ఏ నట్టు ఉంటే ఏం లాభం?"

మేస్త్రీ తల వంచుకున్నాడు. మామగారు కూడా వంచుకున్నారు. తనకి సంబంధం లేకపోయినా సైకిల్ షాపాయన కూడా స్టూలు మీద కాస్త ముడుచుకున్నాడు. అంత బాగా మాట్లాడగలనని మొక్కలమ్మకే తెలియదు. మేస్త్రీ బండి కిందికి దూరి, రెండు బోల్టులూ ఊడదీసి, బయటికొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మళ్లీ నాలుగు మూలలా పట్టారు. మళ్లీ ఎత్తారు. పెట్టె కదల్లేదు.

మొక్కలమ్మ చేతులు పెట్టె మీద అలాగే ఉండిపోయాయి. నిన్న సాయంత్రం తను చేసిన పని ఒకటి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె దారిలో గడగడలాడితే మేస్త్రీ అదే వంకగా చిల్లు పెడతాడని ఆమె భయం. అందుకని పెట్టె ఇంకా పెరట్లో బోర్లా ఉన్నప్పుడే, దాని అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కలు అతికించింది. వాడింది పగిలిన సిమెంటు కుండీలు అతికించే జిగురు, రెండు గొట్టాల్లోంచి తీసి కలిపి రాసేది. కాస్త ధారాళంగానే రాసింది. ఆరేదాకా ఆగాలనుకుంది. అంతలో తండ్రీకొడుకులు వచ్చి, సరిగ్గా అమరుతుందో లేదో చూద్దామని పెట్టెని తిప్పి, ఎత్తుకెళ్లి తొట్టిలో దించేశారు. తర్వాత ఆ సంగతి ఆమె మర్చిపోయింది.

ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కాని దాపరికం గురించి అంత గొప్పగా మాట్లాడి, ఆ మాటల వేడి ఇంకా చల్లారకముందే, "నేనూ బిగించాను" అనడానికి నాలుక తిరగలేదు. ఎలాగూ జిగురే కదా, ఇంకొంచెం లాగితే అదే వచ్చేస్తుందిలే అనుకుంది.

"ఇంకెవరు బిగించారు?" అన్నారు మామగారు అందర్నీ చూస్తూ.

"నేను కాదు," అన్నాడు సైకిల్ షాపాయన.

మేస్త్రీ పెట్టెలోంచి మోకు తీశాడు. ఒక కొస పెట్టె పిడికి కట్టాడు. రెండో కొస గేటు స్తంభానికి కట్టాడు. బండిని మెల్లగా ముందుకి పోనిస్తే పెట్టె వెనక్కి జారుతుందని, మామగారు పక్కన నించుని సైగ చేయాలని, అత్తగారు ఇంట్లోకి వెళ్లిపోవాలని పథకం. మొక్కలమ్మ మోకు వైపు చూసింది. స్తంభం వైపు చూసింది. స్తంభం కిందనున్న పామ్ మొక్కల వైపు చూసింది.

"ఏవండీ," అంది.

"ఏమిటి?"

"ఏం లేదు. మెల్లగా."

బండి మెల్లగానే కదిలింది. మోకు బిగిసింది. మామగారు రానీ, రానీ అని చేయి ఊపుతూనే ఉన్నారు. పెట్టె రాలేదు. గేటు స్తంభాన్ని వదల్లేదు, ఎందుకంటే గేటు బిగించింది మామగారు. స్తంభం మాత్రం ఎవరో తాపీపనివాడు కట్టి వెళ్లింది. అది మర్యాదగా వంగి, నేలని వదిలి, గేటుతో సహా గోడ వారన పడుకుంది. రెండు పింగాణీ కుండీలు ఒకదాని తర్వాత ఒకటి పగిలిన చప్పుడు వినిపించింది.

మేస్త్రీ ఇంజను ఆపి దిగాడు. మొక్కలమ్మ మోకాళ్ల మీద కూర్చుని, గేటు కమ్మీల మధ్య చేయి దూర్చి, పామ్ మొక్కల ఆకుల్ని ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆకులు బాగానే ఉన్నాయి. వేర్లని పట్టుకుని మట్టి ముద్ద నిలిచింది. కుండీలే పెంకులయ్యాయి.

అంతలో మామగారు తొట్టిలోకి ఎక్కి, పెట్టె అంచు కింద గోరుపెట్టి గీరి, ఆ గోరు వాసన చూశారు. "ఇది జిగురు," అన్నారు. "మన ఇంట్లో జిగురు వాడే మనిషి ఎవరు?"

"నేనే మామయ్యగారూ," అంది మొక్కలమ్మ లేవకుండానే. "నిన్న అడుగున రబ్బరు అతికించాను. చప్పుడు రాకూడదని. చప్పుడొస్తే ఈయన చిల్లు పెడతారని."

"నువ్వు కూడానా?" అంది అత్తగారు.

"చిల్లు ఎలాగూ పెట్టేశాను," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా.

"స్తంభానికి మోకు కట్టినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అంత మాటలన్నాక ఎలా చెప్తాను?" పగిలిన పెంకులు ఏరుతూ అంది. "నాలుగంతస్తుల పని. నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను."

ఎదిరించి మాట్లాడే అవకాశం మేస్త్రీకి ఆ కాపురంలో అంత చక్కగా మళ్లీ రాకపోవచ్చు. దాన్ని ఆయన వాడుకోలేదు. వెళ్లి గోనె సంచులు తెచ్చాడు. మామగారు తొట్టిలోంచి దిగే ముందు ఇంకోసారి పెట్టెని రెండు చేతులా గుంజి చూశారు.

"జిగురు బాగా పట్టిందమ్మా," అన్నారు కోడలితో. కాపరానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది.

పెట్టె దిగదని తేలిపోయాక మిగిలిన దారి పెట్టెతోనే వెళ్లడం. పామ్ మొక్కల వేర్లకి గోనె చుట్టి, వాటిని పెట్టెకి ఆనించి నిలబెట్టి, ఆ మోకుతోనే కట్టారు. చిన్న కుండీలు పెట్టె మూత మీద చేరాయి. మిగతావి దాని చుట్టూ ఇరుక్కుని కూర్చున్నాయి. పట్టవనుకున్నవి ఇద్దరూ ముగ్గురూ పట్టి సర్దితే పట్టాయి. స్టీరింగు ముందు మొక్కలమ్మ కూర్చుంది. ఆమె బండి నడపడం మేస్త్రీ దగ్గర కాకుండా డ్రైవింగు స్కూల్లో నేర్చుకుంది, కాపురం నిలవాలని. మేస్త్రీ పక్క సీట్లో కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు. పెట్టె కిక్కురుమనలేదు.

క్లినిక్ మెట్ల మీద డాక్టరమ్మ గడియారం చూసుకుంటూ నించుంది. మొక్కలు దిగుతుంటే దగ్గరికొచ్చి ఆకులు పరీక్షగా చూసింది, రోగి నోట్లోకి చూసినట్టు.

"వీటికి కుండీలేవి?"

"పగిలాయండి. పొద్దున మా ఇంటి గేటు కూలి వాటి మీద పడింది. కొత్తవి రేపు తెచ్చి పెడతాను. ఈ పూటకి గోనె కనపడకుండా చిన్న మొక్కలు అడ్డం పెడతాను." అబద్ధమాడే ఓపిక ఆమెకి లేదు.

"కుండీలదేముంది. పాత క్లినిక్‌కి తెచ్చినవాళ్ల మొక్కలు చీపుళ్లలా వచ్చేవి. దారంతా పడుకుని దొర్లేవట. ఇవి ఒక్క ఆకు కూడా విరగలేదే. ఎలా తెచ్చారు?"

మేస్త్రీ నోరు తెరిచాడు.

"మా బండిలో దానికో ఏర్పాటు ఉందండి," అంది మొక్కలమ్మ. "కదలదు."

మేస్త్రీ గంభీరంగా తల ఊపాడు. డాక్టరమ్మ లోపలికి వెళ్తూ, సోమవారం నుంచి పై అంతస్తులు కూడా చూసుకోమని చెప్పింది.

సాయంత్రం భోజనాల దగ్గర అందరూ పెందలాడే చేరారు. గేటు లేని ఇంట్లో వీధిలోని కుక్క ఒకటి వసారా దాకా వచ్చి తొంగిచూసి వెళ్లింది. మామగారు స్తంభం గురించి మాట్లాడారు. అత్తగారు తాళం గురించి మాట్లాడింది. క్లినిక్ సంగతి మేస్త్రీయే చెప్పాడు, నాలుగంతస్తులూ అని నొక్కి, తన ఘనత అన్నట్టు. మామగారు అన్నం కలుపుతున్న చేయి ఆపి కోడలి వైపు చూశారు. కాలక్షేపం అన్న మాట ఆయన నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్లడం ఆమెకి కనిపించింది.

"పెట్టె ఇక తీయక్కర్లేదండీ," అంది మొక్కలమ్మ, మజ్జిగ వంచుతూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "బండిలోనే ఉండనిద్దాం."

మేస్త్రీ మొహం విప్పారింది. "నేను మొదట్నుంచీ అదే కదా..."

"బండి కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాతోనే ఉంటుంది. నాలుగంతస్తులంటే రెండు పూటలా పని. మోటార్లున్న చోట మిమ్మల్ని దింపి, పనయ్యాక వచ్చి ఎక్కించుకుంటాను. పనిముట్లు మోసుకునే బాధ కూడా లేదు, పెట్టె ఎలాగూ అందులోనే కదా." అత్తమామల వైపు తిరిగింది. "అంతే మామయ్యగారూ. అందరికీ ఒకేసారి చెప్తే బాగుంటుందని చెప్పాను."

మామగారు ఆలోచించి, అందులో వదులుగా ఉన్న చోటేదీ దొరక్క, సరేనన్నారు. అత్తగారు గిన్నె మీద మూత పెట్టింది.

మోటార్ల మేస్త్రీ కంచంలోంచి తలెత్తకుండా, రేపు పొద్దున్న తను ఎన్నింటికల్లా తయారుగా ఉండాలో మాత్రం అడిగి తెలుసుకున్నాడు.